పెద్దగట్టు మొక్కు పొట్టేలు – ముక్క మానేసినోడు ఏం చెయ్యాలె?

గట్టుదారి (సూర్యాపేట)

అందరికి నమస్తే. మాది గొల్లోళ్ళ ఇల్లు. రెండేండ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టుకు పోకుండ మా ఇంట్ల ఎవ్వలూ ఉండరు. 2025 జాతర అయినంక మా తమ్ముని కొడుక్కు పానం బాగలేక దవాఖానల ఉంటే, గండం గట్టెక్కితే వచ్చే గట్టుకు చౌడమ్మకు పొట్టేలును ఇస్తనని అమ్మ మొక్కుకున్నది. పిలగాడు మంచిగైండు. పొట్టేలు మా బాయికాడ పెరుగుతున్నది.

నేనేమో ముక్క మానేసిన. బీపీ, షుగర్ ఏం లేవు, డాక్టరు చెప్పలే, మాల ఏసుకోలే. చంపి తినుడు మనసుకు పడ్తలేదు, అంతే. అయితే ఇంటికి పెద్దకొడుకుని నేను. దానికి పసుపు పెట్టి గట్టు ఎక్కించాల్సింది నేనే. "నువ్వు తినకు, నిన్నెవ్వలు తినమంటలేరు, తోలుకొచ్చి నిలబడితే సాలు" అంటున్నరు. పైసలిచ్చి పక్కకు జరిగితే నాకేం అంటదా? లేకుంటే అది ఇంకా పిరికితనమా?

ఇంకోటి. గట్టు మీద లింగమంతుల సామికి నీసు అంటనియ్యరు. ఆయన పక్కనే చౌడమ్మకు యాటలు. ఒకటే గట్టు, ఒకటే జనం, "ఓ లింగా" అని ఒకటే కేక. మావోళ్ళకు ఇందుల తిరకాసు ఎన్నడూ కనవడలే. నాకు కనవడుతున్నది. తిట్టకుండ చెప్పుండ్రి.

మంద_కాపరి (మక్తల్)

తమ్మీ, ముందుగాల ఒక ముచ్చట చెప్పు. మొక్కే లేకుంటే ఆ పొట్టేలు ఇన్నొద్దులు మీ బాయికాడ ఉంటుండెనా? మందల ఆడియి ఉంటయి. పోతుపిల్లలు నాలుగైదు నెలలకే బేరగాని బండెక్కుతయి. ఇత్తనానికి ఒకటో రెండో ఆపుకుంటం. 2017ల సర్కారు గొర్రెల పథకం పెట్టినప్పుడు గూడ ఇరవై ఆడగొర్లకు ఒక్క పొట్టేలు లెక్కనే ఇచ్చిండ్రు గదా. మిగిలిన పోతులు ఏడికి పోతున్నయో ఎవ్వలు అడగలే. మీ దానికి నట్టల మందు తాపుతున్నరు, చిటుకు రోగానికి సూది ఏపిస్తున్నరు, జొన్నలు పెడుతున్నరు. మా మందల ఏ పోతుకు ఆ యోగం లేదు.

ఇంకో సంగతి. మా తాత కాలంల మాయి దక్కని నల్లగొర్లు. ఏడాదికి రెండుమాట్ల ఉన్ని కత్తిరిస్తుండె, గొంగళ్ళు నేస్తుండె. ముసలి గొర్రె గూడ ఉన్ని ఇస్తది గనక మందలనే ముసలిదయితుండె. చేన్ల మంద తోలితే రైతు గింజలు కొలిచిస్తుండె, అంటే దాని పెంటికకు గూడ ధర. ఇయ్యాల గొంగడి కొనేటోడు లేడు. ఎరువు బస్తాలల్ల వస్తది. నల్లగొర్లకు నెల్లూరు పోతులను దాటిచ్చి దాటిచ్చి ఎత్తు, బరువు పెంచినం. గొర్రెతోని మాంసం తప్ప ఇంకో పని లేకుండ అయింది. నువ్వు మొక్కు దగ్గర ఆగినవు, దాని బతుకుకు ధర ఎప్పుడో పడిపోయింది.

గట్టుకు నువ్వే తోలుకపో. పెంచినోడు లేకుండ పొట్టేలు బెదురుతది.

పాలు_వద్దు (నల్లగొండ)

మంద కాపరి అన్నా, ఉన్ని సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్. కానీ "మొక్కు పుణ్యాన ఎక్కువ రోజులు బతికింది" అనేది దానికి మనం చేసిన మేలు ఎట్లా అవుతుంది? ఇచ్చిన బతుకు ఇచ్చినవాడే తీసుకోవచ్చంటే కన్నపిల్లల మీద కూడా అదే హక్కు చెప్పాల్సి వస్తుంది.

గట్టుదారి గారూ, పిరికితనమా అని అడిగారు. పైసలిచ్చి పక్కకు జరగడం మనమంతా రోజూ చేస్తున్నదే. ఆదివారం చికెన్ సెంటర్ ముందు నిలబడి ఫోన్ చూసుకుంటాం. డ్రమ్ములో కోడి కొట్టుకుంటున్న చప్పుడు వినపడితే ఇంకొంచెం గట్టిగా చూసుకుంటాం. మీకు కనీసం చూడాల్సిన పరిస్థితి వచ్చింది.

అడగాల్సింది ఇంకొకటుంది. మాంసం మానేశారు సరే, పాలు? మా పెదనాన్న వాళ్ళకు నార్కట్‌పల్లి దగ్గర ముర్రా బర్రెలున్నాయి. పాలకేంద్రానికి పోస్తారు. మగదుడ్డె పుడితే ఇంట్లో ఎవరూ మాట్లాడరు. చేపు రావడానికి రెండు గుక్కలు గుంజనిచ్చి, మూతి లాగేసి గుంజకు కట్టేస్తారు. చెంబులో పాలధార చప్పుడు వినపడుతుంటే అది తాడు చివరిదాకా వచ్చి నాలుక చాపుతుంది. నెల తిరిగేసరికి పక్కటెముకలు బయటపడతాయి. ఒక పొద్దున లేవదు. ఎవరూ కత్తి పట్టలేదు గనక ఎవరికీ పాపం లేదు! ఆ ఇంట్లో శనివారాలు గుడ్డు కూడా ముట్టరు.

ఈనకపోతే బర్రె పాలివ్వదు. ఈనినవాటిల్లో సగం మగవి. అవి ఎక్కడున్నాయో చూపించండి, నేను ఈ పేరు మార్చుకుంటా.

పానగల్_బుల్లెట్

మంచి బోటి కూర ముందు పెట్టుకొని చదువుతున్న. అక్కా నువ్వు రాసేది చదివితే బోటి దిగుతలేదు, పాలు గూడ దిగుతలెవ్వు. ఇగ నీళ్ళు తాగాల్నా?

జాన్‌పహాడ్ (హుజూర్‌నగర్)

నల్లగొండ నీళ్ళు గూడ ఆలోచించి తాగాలె తమ్మీ, ఫ్లోరైడు.

మా ముచ్చట వేరు. మేం జాన్‌పహాడ్ దర్గల సైదన్నకు కందూరు (మొక్కు విందు) చేస్తం. మా ఇంట్ల సగం మంది పేర్లు సైదులే, అందరం హిందువులమే. యాటను ముల్లా సాబ్ కోస్తడు, మా అమ్మ వండుతది, దర్గ కాడ చెట్ల కింద అందరం తింటం. కోసే చెయ్యి ఎవలది అన్న లొల్లి టీవీల చూస్తున్న గాని మా దిక్కు లేదు. గట్టుదారి అన్నా, నువ్వు చంపకుండ, చూడకుండ ఉండెటందుకు మా తాతలు ఎప్పుడో దారి చూసిండ్రు. ముల్లా సాబ్ కోస్తడు, మనం తింటం. పాపం ఆయనకు అంటుతదని ఎవ్వలు అనుకోలే, మనకు అంటుతదని గూడ అనుకోలే.

లెక్కల_సారు (మిర్యాలగూడ)

కొన్ని సంగతులు ఒకచోట పెడతాను. కేంద్రం 2014లో చేసిన నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో మాంసాహారులు దాదాపు 99 శాతమని తేలింది. 2019 పశుగణనలో దేశంలోనే ఎక్కువ గొర్రెలు మన దగ్గరే, సుమారు 1.9 కోట్లు. అందువల్ల "మాంసం మానేసిన" అనే మాట ఇక్కడ ఎవరు చెప్పినా ఇంట్లో వాళ్ళు ముందు జ్వరం వచ్చిందేమోనని చెయ్యి పట్టి చూస్తారు.

చట్టం మాట. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం, ఏ మతస్తులైనా తమ మతం చెప్పిన పద్ధతిలో జంతువును చంపితే ఆ చట్టం కింద నేరం కాదు. అదే సమయంలో గుళ్ళలో, గుడి ఆవరణల్లో బలి వద్దని 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం ఒకటి మనకు ఉంది. ఒక చట్టం కన్ను మూసుకుంటే ఇంకొకటి తెరుస్తుంది. జాతర నాడు రెండూ నిద్రపోతాయి. ఈ విషయంలో కోర్టు కాగితం పట్టుకుని గట్టు ఎక్కిన వాళ్ళను నేనైతే చూడలేదు.

పక్క మాట: జడ్చర్ల దగ్గర ఆల్వాన్‌పల్లిలో ఇటుకలతో కట్టిన పాత జైన గుడి ఉంది. చీమకు కూడా హాని చేయొద్దన్న మతం వాళ్ళ గుడిని ఊరివాళ్ళు గొల్లత్తగుడి అంటారు. దాని చుట్టూ గొర్రెలు మేస్తుంటాయి. మా స్కూలు పిల్లలను తీసుకుపోయినప్పుడు ఈ అహింస సంగతి చెబుతుంటే ఒకడు "సార్, మధ్యాహ్నం గుడ్డు ఉందా" అన్నాడు. అది గుడ్డు రోజే.

ఒట్టి_తునకలు (అచ్చంపేట)

జీవహింస మీద ముచ్చట పెట్టినప్పుడల్లా నేనొకటి చూస్తున్న. యాట, కోడి, పాలు, గుడ్డు అన్నీ వస్తయి. పెద్దకూర (గొడ్డుమాంసం) మాట రాంగనే అందరు గొంతు తగ్గిస్తరు. ఈ థ్రెడ్డుల గూడ ఇప్పటిదాక ఎవ్వలు ఎత్తలే. నేను ఎత్తుత.

మా ఊర్ల ఆసామి ఎద్దు చస్తే మా తాతకు కబురొస్తుండె. కావడి కట్టి ఈడ్చుకపోవుడు, తోలు ఒలుసుడు, తోలు ఆసామికి చెప్పులై, మోటబొక్కెన తిత్తై తిరిగి పోవుడు. కూలి అంటే ఆ గొడ్డు మాంసమే. కొంత వండుకుంటుండె, మిగిలింది సన్నగ చీరి దండెం మీద ఆరేస్తుండె. ముసురు పట్టినప్పుడు, కూలి దొరకనప్పుడు ఆ తునకలను పొయిల కాల్చి, రోట్ల దంచి, చింతపులుసు పోసి ఉడికిస్తే ఇల్లంత వాసన. మా అవ్వ నాకు చెప్పిన వంట ఇది, పుస్తకంలది కాదు.

ఇప్పుడు లెక్క చూడుండ్రి. పాపం చంపుట్ల ఉంటే, మా తాత ఏ ఎద్దునూ చంపలే. ముసలిదై పడిపోయినదాన్ని తిన్నడు. ఆ ఎద్దుతోని ఏండ్ల తరబడి చాకిరి చేయించుకున్నోడు, ముల్లుగర్రతోని పొడిచినోడు శుద్ధం. చచ్చినంక దాన్ని ఊరి నుంచి తీసేసినోడు మైల. అట్లయితే ఈ ఊర్లల్ల ముక్క మీద ఉన్న అసహ్యం జీవం మీద దయ కాదు. ఎవని పక్కన కూసుంటరు, ఎవని పక్కన కూసోరు అన్నదే. ఇప్పటికి హైదరాబాదుల ఇల్లు కిరాయికి పోతే "వెజ్జా నాన్‌వెజ్జా" అని అడుగుతరు. అడిగేది కోడి గురించి కాదని అడిగేటోనికి తెలుసు, చెప్పేటోనికి తెలుసు.

కురుమూర్తి జాతరకు మన పాలమూరు అంత పోతది. ఏంకటేశ్వరసామి గుట్ట అది. సామికి ఉద్దాలు (పాదుకలు) తోలుతోనే, కుట్టేది చిన్నవడ్డెమాన్ మాదిగలే. ఉద్దాలు ఊరేగుతుంటే ఆ తోలుకు దండం పెట్టనోడు లేడు. ఆ తోలు ఏడినుంచి వచ్చిందని అడిగే భక్తున్ని నేను చూడలే.

మోడరేటర్

కులం పేరుతో తిట్టిన రెండు పోస్టులు తీసేశాను. ఇంకోసారి రాస్తే ఖాతా ఆపేస్తాను. ఒట్టి తునకలు గారి పోస్టు ఉంటుంది, దాని మీద ఫిర్యాదులు పంపొద్దు.

పాలు_వద్దు (నల్లగొండ)

ఒట్టి తునకలు అన్నా, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నా. బౌద్ధ వినయంలో కూడా ఇలాంటి లెక్కే ఉంది. తన కోసం చంపినట్టు చూడని, వినని, అనుమానించని మాంసం భిక్షాపాత్రలో పడితే భిక్షువు తినొచ్చు. ఆ లెక్కన మీ తాతగారు తిన్నది చాలా ఇళ్ళలో తాగే పాలకన్నా శుద్ధమైనది. కానీ ఇప్పుడు మన అంగళ్ళలో దొరికేదేదీ పడ్డ గొడ్డు కాదు కదా. మాంసాన్ని అడ్డం పెట్టుకొని మనుషులను దూరం పెట్టడం తప్పే. ఆ తప్పు అట్లా ఉండగానే ఎద్దుకు నొప్పి కూడా ఉంది. ఒకదాని పేరు చెప్పి ఇంకోదాన్ని పక్కన పెట్టలేను.

ఒట్టి_తునకలు (అచ్చంపేట)

ఒప్పుకుంట చెల్లె. నువ్వు రెండూ అంటున్నవు. చానమంది రెండోదే అంటరు, అది మాత్రం నాకు కడుపుల మంట.

కోమటింటి_కోడలు (వనపర్తి)

మా ఇంట్లో గుడ్డు ఉడికిన గిన్నె కూడా వేరే పెట్టాలి. అంత మడి. మా వారి షాపులో అమ్మేది కోళ్ళదాణా, చేపలదాణా. లక్ష్మీదేవి పటం కిందనే బస్తాలు. ఒకరోజు అడిగాను, ఇది నీసు వ్యాపారం కాదా అని. "దాణా మొక్కజొన్న, సోయా. నేను అమ్మేది గింజలే" అన్నారు. ఇక నేనేం మాట్లాడను?

మా పాప అంగన్‌వాడీకి పోయినప్పుడు గుడ్డు ఇచ్చారు, తిన్నది. నేను కడుపుతో ఉన్నప్పుడు ఆరోగ్యలక్ష్మి కింద రోజుకో గుడ్డు ఇస్తామన్నారు, అత్తగారికి తెలియకుండా ఆయమ్మ దగ్గరే తిన్నా. జీవమని ఆలోచించలేదు, రక్తం తక్కువుందన్నారు, తిన్నా. పెంకు మాత్రం చెంగులో దాచుకొని బయట పారేశా.

ఫారం_బాబు (షాద్‌నగర్)

కోళ్ళ మాట వచ్చింది గనక నేను చెప్పాలె. నాది బ్రాయిలర్ షెడ్డు. కంపెనీతో ఒప్పందం. పిల్లలు వాళ్ళవి, దాణా వాళ్ళది, మందులు వాళ్ళవి. షెడ్డు, వరిపొట్టు, కరెంటు, పానం నావి. పిల్ల వచ్చిన రోజు అరచేతిల ఇమిడే పసుపు ఉండ. నలభై రోజులు దాటకముందే రెండు కిలోలు. అంత తొందరగ ఏ జీవమూ పెరగదు. గుండె, కాళ్ళు ఆ బరువుకు తయారుగా ఉండవు. ఆఖరి వారంల కొన్ని కాళ్ళు చీలేసి కూసుంటయి. నీళ్ళ గిన్నె జానెడు దూరంల ఉన్నా అందుకోలేవు. పొద్దున, మాపున తిరుక్కుంట వాటిని ఏరుతం. ఏరి ఏం చేస్తమో ఈడ రాయను.

కోడికి సుమారు ఒక చదరపుటడుగు జాగా. బోనుల పెట్టేది గుడ్ల కోడిని. దానికి ఏ4 కాగితమంత జాగా గూడ రాదు, 2017ల లా కమిషన్ ఈ బోనుల మీదనే రిపోర్టు ఇచ్చింది, బోన్లు అట్లనే ఉన్నయి. గుడ్ల జాతిల పుట్టిన మగపిల్లలు హాచరీ దాటి బయటికే రావు. గుడ్డు పెట్టవు, మాంసం పట్టవు, ఎవరికి కావాలె? కోమటింటి అక్కా, గుడ్డు జీవమా కాదా అని కొట్లాడుకుంటరు గాని, గుడ్డు వెనక ఉన్న ఆ మగపిల్ల లెక్కల రాదు.

ఎండకాలం కరెంటు పోతే మీరు విసనకర్ర పట్టుకుంటరు. మా షెడ్డుల కోళ్ళు నోరు తెరిచి రెక్కలు దూరం పెట్టి నిలబడతయి. గోనెపట్టాలు తడిపి కడతం, పైన స్ప్రింక్లర్ ఇడుస్తం. ఒకపారి మోటరు కాలిపోయింది, మధ్యాహ్నం పూట. సాయంత్రానికి తోపుడుబండి మీద ఎత్తినం. ఏడ్పు రాలే, లెక్క గుర్తుకొచ్చింది, కంపెనీ ఇచ్చేది కిలోకు ఇంత అని పెరుగుడు చార్జి కదా. ఏడ్పు రాలేదని తర్వాత భయమైంది.

2025ల చిట్యాల మండలం గుండ్రాంపల్లిల బర్డ్ ఫ్లూ వస్తే ఫారంల కోళ్ళన్నిటిని చంపి గుంతలల్ల పూడ్చిండ్రు. అప్పుడు జనం "తింటే మాకేమైతది" అన్నరు. కోళ్ళకేమైందని అడిగినోడు లేడు. చికెన్ రేటు పడింది, మటన్ షాపుల కాడ లైను పెరిగింది. అంతే.

గట్టుదారి అన్నా, మీ పొట్టేలుకు పేరుందా? ఉండే ఉంటది. మా దగ్గర బ్యాచి నంబరు ఉంటది.

పానగల్_బుల్లెట్

బోటి పక్కకు పెట్టిన.

నల్లమల_అంచు (అమ్రాబాద్)

శాకాహారమంటే చేతికి రక్తం అంటదని ఎవరన్న అనుకుంటే మా చేన్లకు రావాలె. మక్క, పల్లి పెడితే రాత్రికి అడవిపందుల గుంపు. ఒక్క రాత్రి దున్నినట్టు చేస్తయి. కంచెకు పాతచీరలు కడతరు, మంచె మీద డబ్బాలు కొడతరు, ఆఖరికి ఓపిక లేనోడు కరెంటు తీగ పెడతడు. ఆ తీగకు పంది పడతది, దుప్పి పడతది, ఒక్కోపారి పక్క చేను రైతే పడతడు. ఆ మక్కలు మళ్ళ కోళ్ళదాణాకే పోతయి, అది వేరే సంగతి. వడ్ల పొలంల ఎలుకలకు పెట్టే మందు ఏందో అందరికి తెలుసు.

పడమట కృష్ణ మండలం దిక్కు కృష్ణజింకల గోస. జింక ముద్దుగుంటది, 1972 వన్యప్రాణి చట్టంల మొదటి షెడ్యూలుల ఉంది, ముట్టుకుంటే జైలు. మొలకెత్తిన పత్తి చేను మీద పడితే రైతుకు అది ముద్దుగ కనవడదు. పంది ఏం పాపం చేసిందని దానికి తుపాకి, జింక ఏం పుణ్యం చేసిందని దానికి కాపల? మొఖం మంచిగుంటే చాలా?

లెక్కల_సారు (మిర్యాలగూడ)

మొఖం సంగతి అన్నారు గనక. 2024 ఫిబ్రవరిలో అడ్డాకుల మండలం పొన్నకల్‌లో వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపారు, దాదాపు ఇరవై. ఊరు ఊరంతా మాట్లాడుకుంది, పేపర్లు రాశాయి, కేసు అయింది. అవ్వాల్సిందే. ఆ వారం మా స్టాఫ్‌రూములో దాని మీద కన్నీళ్ళు పెట్టుకున్న వాళ్ళం మధ్యాహ్నం డబ్బాలు విప్పితే అందులో నాటుకోడి. నా డబ్బాలో కూడా.

పాలు_వద్దు (నల్లగొండ)

నల్లమల అంచు అన్నా, పొలంలోనూ చావులున్నాయి, కాదనను. కానీ మీరే రాశారు, ఆ మక్కలు దాణాకే పోతాయని. కోడి ఒక కిలో బరువు పెరగాలంటే కిలోన్నర పైన దాణా తింటుంది. ఆ మక్క చేను చుట్టూ తీగ, ఆ తీగకు పంది. కాబట్టి కోడి తిన్నవాడి ఖాతాలో కోడితో పాటు పంది కూడా పడుతుంది. నేను తినే జొన్నరొట్టె ఖాతాలో కూడా కొంత పడుతుంది. తక్కువ పడుతుందంటున్నా, సున్నా అనడం లేదు.

మంద_కాపరి (మక్తల్)

నా గొర్లు ఎవ్వని మక్క చేనుకు పోవమ్మా. బీళ్ళల్ల గడ్డి, కోసిన చేన్ల కొయ్యకాళ్ళు, తుమ్మకాయ. మనిషి తినలేనిది తిని మనిషి తినేది ఇస్తది. ఈ లెక్క గూడ రాసుకో.

పాలు_వద్దు (నల్లగొండ)

రాసుకున్నా. అది నిజమే.

పశువుల_డాక్టరు_రిటైర్డ్ (మహబూబ్‌నగర్)

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. తప్పా ఒప్పా అనేది మీరు తేల్చుకోండి. చంపే చోట ఏం జరుగుతుందో నాకు తెలిసింది చెబుతాను, ఎందుకంటే దాని గురించి ఎవరూ అడగరు. జాతర డ్యూటీల్లో నన్ను నీళ్ళ ట్యాంకుల గురించి అడిగారు, పారిశుధ్యం గురించి అడిగారు. కత్తి గురించి ఒక్కరూ అడగలేదు.

పొట్టేలు మీద పసుపునీళ్ళు చల్లి, అది ఒళ్ళు దులుపుకునేదాకా ఆగే ఆచారం ఉంది. దులిపితే దేవత ఒప్పుకున్నట్టు. నీళ్ళు పడితే ఏ గొర్రైనా దులుపుతుంది, అది చర్మం చేసే పని. పొట్టేలు ఒప్పుకుందని నేను నమ్మను. అయితే ఆ ఆగడం వల్ల ఒక లాభం నేను చూశాను. అంతసేపు ఎవరూ దాన్ని గుంజరు, అరవరు. దాని ఊపిరి నెమ్మదిస్తుంది. తొందరపడే చోట అది ఉండదు.

గొంతుకు రెండు పక్కలా ఉండే పెద్ద రక్తనాళాలు ఒకే వేటుకు తెగితే గొర్రె కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. పశువుకు అట్లా కాదు. వెన్నెముక పక్కనుంచి పోయే నాళాలు మెదడుకు ఇంకా రక్తం పంపుతుంటాయి, అందుకే ఎక్కువసేపు తెలివితో ఉండొచ్చు. ఇది హలాలా, జట్కానా అన్నదానికంటే ముందు కత్తి పదును ప్రశ్న. మొద్దు కత్తితో నాలుగుసార్లు రాస్తే ఏ మంత్రమూ నొప్పి తగ్గించదు. సాయంత్రానికి జాతరలో కత్తి మొద్దుబారుతుంది, కోసేవాడి చెయ్యి అలిసిపోతుంది, మధ్యలో మందు కూడా ఉంటుంది. పొద్దున మొదటి పొట్టేలుకు, మాపటి పొట్టేలుకు చావు ఒకటి కాదు.

2001 కబేళా నిబంధనల్లో ఒక జంతువు చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదని ఉంది. ఆ నిబంధన కబేళాలకే. జాతరల్లో వరసగా కట్టేసి ఉంచుతారు, రక్తం వాసనకు ముక్కుపుటాలు ఎగరేస్తూ తాళ్ళు తెంపుకోజూస్తాయి. గుడ్డ అడ్డం కట్టడానికి ఖర్చేముంది? గావు పట్టడం మాత్రం నాకు అధికారం ఉండుంటే ఆపేసేవాణ్ణి. పంటితో మేకపిల్ల గొంతు కొరకడంలో భక్తి నాకు కనపడలేదు. దీనికి నన్ను తిట్టేవాళ్ళు తిట్టుకోండి.

ఇంకా ముందు సంగతి, రవాణా. శనివారం పెబ్బేరు అంగడి నుంచి వచ్చే ఆటోలు చూడండి. నాలుగు కాళ్ళు కలిపి కట్టి, ఒకదాని మీద ఒకటి. చాలా జీవాలకు చావుకంటే ఆ ప్రయాణం పెద్ద శిక్ష. నా దగ్గరికి వచ్చిన కాళ్ళు విరిగిన కేసుల్లో ఎక్కువ బండి దింపుడులో విరిగినవే.

మగదుడ్డెల గురించి నల్లగొండ అమ్మాయి రాసింది అక్షరాలా నిజం. లింగ నిర్ధారణ చేసిన వీర్యం వచ్చాక పదింటికి తొమ్మిది పెయ్యదూడలే పుట్టించొచ్చు. అందరికీ అందితే ఆ తాడు చివరి దుడ్డె పుట్టుకే తగ్గుతుంది. మాంసం చర్చలో దీనికి చప్పట్లు రావు గానీ నాకు తెలిసి తొందరగా జరగగలిగే మేలు ఇదొక్కటే.

జాన్‌పహాడ్ (హుజూర్‌నగర్)

డాక్టరు సాబ్, గుడ్డ అడ్డం కట్టే ముచ్చట ఈసారి కందూరుల చేస్తం. ముల్లా సాబుకు చెప్పిన, "మా కితాబుల ఎప్పటినుంచో ఉంది బేటా, మీరే తొందరపెడతరు" అన్నడు.

గట్టుదారి (సూర్యాపేట)

ఇన్ని సమాధానాలు వస్తయనుకోలే. ఒకటి అడుగుత. చంపకుండ దేవుని పేరు మీద ఇడిచిపెడితే? కోడెను మొక్కి ఇడుస్తరు గదా, అట్ల.

మంద_కాపరి (మక్తల్)

ఇడిచినంక ఎవడు చూస్తడు? వేములవాడల కోడె మొక్కులు కట్టినయి గోశాలల వరుసవెట్టి చచ్చినయని 2025ల పేపర్లల రాలేదా? పుణ్యం నీకు, ఆకలి దానికి. ఇడిస్తే నీ బాయికాడనే ఇడువు, చచ్చేదాక గడ్డి నువ్వే ఎయ్యి. పదేండ్ల లెక్క అది. ఒప్పుకుంటవా?

ఒట్టి_తునకలు (అచ్చంపేట)

చచ్చినంక ఎవ్వలు ఈడుస్తరు అన్నది గూడ ఇప్పుడే మాట్లాడుకో. మమ్మల్ని పిలువకు 😀

కోమటింటి_కోడలు (వనపర్తి)

గట్టుదారి గారూ, మీ అమ్మగారిని ఒక్కసారైనా అడిగారా? మొక్కింది ఆమె. ఇంతమంది మగవాళ్ళు వేదాంతం చెబుతున్నారు, ఆమె ఏమంటుందో ఎవరూ అడగలేదు. దవాఖానా బయట కూర్చొని మనవడి కోసం మొక్కిన మనిషికి పొట్టేలు మీద ప్రేమ లేదనుకుంటున్నారా? ఇంట్లో దానికి నీళ్ళు పెట్టేది ఎవరు, మీరా?

గట్టుదారి (సూర్యాపేట)

అమ్మనే పెడతది అక్కా. నేను హైదరాబాదుల ఉంట.

ఫారం_బాబు (షాద్‌నగర్)

డాక్టరు సార్, మీరు చెప్పినవన్ని మంచిగున్నయి. నాది చెప్పుండ్రి. ఈ బ్యాచి తర్వాత కంపెనీ ఒప్పందం మళ్ళ రాయొద్దనుకుంటున్న. దయ కొంత, నష్టం చాన. అబద్ధం చెప్పను. షెడ్డు మీద బ్యాంకు లోను ఇంకా ఉంది. ఆ షెడ్డుల ఇంకేం పెట్టొచ్చు?

పశువుల_డాక్టరు_రిటైర్డ్ (మహబూబ్‌నగర్)

నాటుకోళ్ళు బయట తిప్పి పెంచడానికి జాగా ఉందా? లేకపోతే పాల పుట్టగొడుగులు. మామూలు బటన్ పుట్టగొడుగుకు చల్లదనం కావాలి, ఏసీ ఖర్చు మోయలేవు. పాల రకం మన వేడికి తట్టుకుంటుంది. వరిగడ్డి మనకు కొదవలేదు. షెడ్డు మాత్రం సున్నం వేసి, బాగా కడిగి కొన్నాళ్ళు ఖాళీగా ఉంచు.

పాలు_వద్దు (నల్లగొండ)

ఫారం బాబు అన్నా, పుట్టగొడుగులైతే నల్లగొండలో అమ్మిపెట్టే పని నాది. మా ఫ్రెండ్స్‌లో కొనేవాళ్ళున్నారు. నిజంగానే అంటున్నా, మెసేజ్ పెట్టండి.

ఫారం_బాబు (షాద్‌నగర్)

పెడత అక్కా. అయితే పుట్టగొడుగులు ఇక్కడోళ్ళు కొంటరా, హైదరాబాదే పంపాల్నా?

కోమటింటి_కోడలు (వనపర్తి)

దానికి వేరే థ్రెడ్ పెట్టండి తమ్ముడూ, నేనూ వస్తా. మా ఇంటి భరోసా మాత్రం పెట్టుకోకండి. మా అత్తగారి లెక్కలో పుట్టగొడుగు కూడా నీసే.